గుర్రపుడెక్క కింద

బసవపున్నయ్య బుద్ధెరిగాక ఎవరికీ కృతజ్ఞత చెప్పి ఎరగడు. వాళ్లింట్లో ఆ శాఖ భార్య రాజ్యలక్ష్మిది. పాలవాడికి, పక్కింటివాళ్లకి, బస్సులో సీటిచ్చిన కుర్రాడికి, అందరికీ ఆమే చెప్పేది. "మీరు మాకు చేసిన మేలు మర్చిపోమండీ" అని ఆమె అంటుంటే ఈయన పక్కన నిలబడి వాచీ చూసుకునేవాడు. ఆమె పోయి రెండేళ్లయింది. ఆ రెండేళ్లలో ఆ ఇంటి నుంచి ఎవరికీ ఒక మంచిమాట వెళ్లలేదు.

అలాంటివాడు ఏప్రిల్ నెలలో ఒక మధ్యాహ్నం ఏలూరు కాలవ గట్టు కింద, లాకులు కాసే ఒక లస్కరు ముందు నిలబడి, మాట పెగలక చేతులు నలుపుకున్నాడు. సంగతి మొదటి నుంచీ చెబితేగానీ తెలియదు.

బసవపున్నయ్య హెడ్ కానిస్టేబుల్. గుణదల కొండ కింద రెండు గదుల అద్దె ఇల్లు. పిల్లల్లేరు. స్టేషన్లో ఆయన్ని వెనక 'రాయి' అనేవాళ్లు. మెచ్చుకోలుగా కాదు. చలానా రాయాల్సి వస్తే మేనల్లుడికైనా రాసేవాడు. ఒక మనిషిని కాదనుకుంటే ఇక ఆ గుమ్మం తొక్కేది లేదు.

మన్యం నుంచి గంజాయి దిగడం ఆయన ఉద్యోగంలో చేరిన నాటినుంచీ చూస్తున్నదే. అప్పట్లో రైళ్లలో, సంచుల్లో వచ్చేది. ఇప్పుడు కార్లలో వస్తుంది, పనసకాయల లారీల్లో వస్తుంది, పాలవ్యానుల్లో వస్తుంది. ఒక దారి మూస్తే ఇంకో దారి తెరుస్తారు. దొరికేది మోసేవాడే. పంపేవాడి మొహం ఆయన ఇంత సర్వీసులోనూ చూడలేదు. చూడలేదని పట్టడం మానలేదు.

జనవరి చివర్లో ఒక తెల్లకారు గన్నవరం దాటి వస్తూ, హైవే మీద తనిఖీ ఉందని తెలిసి కాలవ గట్టు దారి పట్టింది. అప్పుడే తెల్లవారుతోంది. మంచు దట్టంగా ఉంది. గట్టు మీద వంతెన దగ్గర ఆ పూట కాపలా బసవపున్నయ్యది. తోడు రావలసిన హోంగార్డు జయపాల్ జ్వరమని రాలేదు. బారికేడు చూసి కారు వంతెన మీదే ఆగింది. ఈయన నడిచి వెళ్లేలోపు ఇద్దరు దిగి, డిక్కీలోంచి మూటలు తీసి కాలవలోకి విసరడం మొదలుపెట్టారు. మంచులో మూటలు సరిగా కనపడలేదు గానీ నీళ్ల చప్పుడు వినపడింది. తొమ్మిది చప్పుళ్లు. తర్వాత కారు బారికేడుని గుద్దుకుని వెళ్లిపోయింది.

ఆయన కారు నంబరు చెప్పాడు, తొమ్మిది మూటలని రాసిచ్చాడు. మధ్యాహ్నానికి గుంటూరు అవతల కారు దొరికింది. లోపల ఏమీ లేదు. పట్టుబడిన డ్రైవరు తొణకలేదు.

"సరుకు మా దగ్గరెక్కడిదండి? వంతెన కాడ హెడ్డుగారు దింపేసుకుని మమ్మల్ని పొమ్మన్నారు" అన్నాడు.

పోలీసుల ముందు అన్న మాట కోర్టులో నిలవదని వాడి వకీలు వాడికి ముందే నేర్పి ఉంటాడు. సరుకు లేకపోతే కేసు నిలవదు. కేసు పెట్టినవాడి మీద బురద మాత్రం నిలుస్తుంది. గజ ఈతగాళ్లను దింపి వంతెన కింద వెతికించారు. పాత టైర్లు, నిమజ్జనం చేసిన వినాయకుడి బొమ్మల ఊచలు తప్ప ఏమీ దొరకలేదు. డ్రైవరు బెయిలు మీద బయటికొచ్చాడు. బసవపున్నయ్య సస్పెండయ్యాడు.

లోకం తీరు ఆయనకు కొత్త కాదు. అయినా టీ కొట్టు దగ్గర గ్లాసు అందిస్తూ కొట్టువాడు, "ఏం బాబాయ్, బాగానే గిట్టుబాటయ్యిందంటగా" అని నవ్వినప్పుడు గ్లాసు అక్కడే పెట్టేసి వచ్చాడు. మళ్లీ ఆ కొట్టుకి పోలేదు. ఇంకో ఏడాదిన్నరలో రిటైర్మెంటు. దొంగ అనిపించుకుని దిగిపోవాలి. పెన్షను పోతే పోయింది. రాజ్యలక్ష్మి ఫొటో కింద దీపం పెట్టేటప్పుడు మాత్రం ఆమె మొహంలోకి చూడలేకపోయేవాడు. జీతం తప్ప ఇంటికేమీ తేలేదని ఆమె ఊరంతా గొప్పగా చెప్పుకునేది.

కూచిపూడి నుంచి చెల్లెలు రావమ్మ ఫోన్ చేసింది. ఆయన ఎత్తలేదు. చెల్లెలితో మాటల్లేవు. దానికి కారణం ఒక స్టీలు కారియర్.

మూడు గిన్నెల కారియర్ అది. పెళ్లికి రాజ్యలక్ష్మి పుట్టింటివాళ్లు ఇచ్చింది. ప్రతి గిన్నె మీదా 'రాజ్యలక్ష్మి' అని చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంటుంది. దాంట్లోనే ఆమె ఆయనకు నైట్ డ్యూటీలకి అన్నం పంపేది. పెద్దకర్మ నాడు చూస్తే అది వంటింట్లో లేదు. వంటిల్లు సర్దింది రావమ్మ. ఆమె బస్సుకి బయల్దేరుతుంటే చుట్టాలందరి ముందూ, "సంచి విప్పి చూపించు" అన్నాడు. ఆమె విప్పి చూపించింది. రెండు చీరలు, ఒక తువ్వాలు. "అయితే ముందే పంపేసి ఉంటావు" అన్నాడు. ఆమె సంచి మూతి కట్టుకుని వెళ్లిపోయింది.

ఏప్రిల్లో కాలవలు కట్టేశారు. ఏటా కట్టేవే. పైనుంచి నీళ్లు ఆపేస్తే నాలుగు రోజుల్లో అడుగు బయటపడుతుంది. ఊళ్లవాళ్లు గుంటల్లో మిగిలిన చేపల కోసం దిగుతారు.

అప్పుడు ఫోన్ మోగింది. ఆయన ఫోన్ కాదు, రాజ్యలక్ష్మి ఫోన్. ఆ చిన్న బటన్ల ఫోన్‌కి ఆయన రోజూ చార్జింగ్ పెట్టేవాడు. ఎందుకని అడిగితే చెప్పలేడు. తెర మీద 'లాకుల అమలమ్మ' అని పడింది. ఆ పేరు ఆమె ఫోన్లో ఎందుకుందో అర్థం కాలేదు. ఎత్తాడు. మాట్లాడింది మగమనిషి.

"హెడ్డుగారాండి? నేనండి, అబ్రహామును. లాకుల కాడ లస్కరును."

బసవపున్నయ్య గొంతు గట్టిపడింది. "ఏంటి?"

"ఓసారి లాకుల కాడికి రావాలండి."

"ఎందుకు?"

"ఫోన్లో చెప్పేది కాదండి. వచ్చాక గట్టు మాత్రం దిగొద్దు. పైనే నిలబడండి. అందరికీ కనపడేట్టు."

అవతలివాడు ఫోన్ పెట్టేశాడు. లాకుల తలుపులు ఎత్తి దించే ఆ అబ్రహాము ఎవరో బసవపున్నయ్యకు బాగా తెలుసు. మూడేళ్ల కిందట అతని కొడుకు యేసుబాబును గంజాయి పొట్లాలతో పట్టుకుంది తనే. కాలేజీ హాస్టళ్ల దగ్గర అమ్మేవాడు వాడు. అబ్రహాము, అమలమ్మ స్టేషన్ మెట్ల మీద కాళ్లు పట్టుకున్నారు. మొదటి తప్పు వదిలెయ్యండి బాబూ అన్నారు. కాళ్లు వెనక్కి తీసుకుని లోపలికి వెళ్లి కేసు రాశాడు. యేసుబాబు నెలల తరబడి జైల్లో ఉన్నాడు.

ఆ అబ్రహాము ఇప్పుడు రమ్మంటున్నాడు. ఎందుకో ఊహించడానికి బసవపున్నయ్యకు ఎక్కువసేపు పట్టలేదు. తను అబ్రహామైతే ఏం చేసేవాడో అదే ఊహించాడు. పోకపోతే భయపడ్డాడంటారు. చొక్కా మార్చుకుని బండి తీశాడు.

లాకుల దగ్గర వంద మంది ఉన్నారు. గట్టు మీద పోలీసు జీపు ఉంది. జీపులో ఇద్దరు కుర్రాళ్లు కూర్చుని ఉన్నారు, చేతులకు బేడీలు. పక్కన ఖాళీ ట్రాక్టరు. కింద, నీళ్లు పోయిన కాలవ అడుగున, ఎండిపోతున్న గుర్రపుడెక్క మెత్తటి పరుపులా పరుచుకుని ఉంది. ఆ పరుపులో అక్కడక్కడా గూనులు. ఆ గూనులు చూడగానే బసవపున్నయ్యకు అవేంటో తెలిసిపోయింది. వంతెన దగ్గర వేసిన మూటలు గజ ఈతగాళ్లు వచ్చేలోపే నీళ్ల మీద కొట్టుకొచ్చి, ఈ డెక్కలో ఇరుక్కున్నాయి. ఇప్పుడు వాటి పక్కన తను, సస్పెండైనవాడు, నిలబడి ఉన్నాడు. ఇక్కడ దాచింది ఇతనే అని ఎవరైనా ఒక్క మాటంటే చాలు.

ఎస్సై భానుశ్రీ కింద నుంచి చెయ్యెత్తింది. ఆయనకు కూతురుంటే అంత వయసు ఉంటుంది. "పున్నయ్యగారూ, అక్కడే ఉండండి. కిందికి రావద్దు."

ఆయన సెల్యూట్ చేయబోయి, ఒంటి మీద యూనిఫాం లేదని గుర్తొచ్చి చెయ్యి దించేశాడు.

"ఇప్పుడు చెప్పు పెద్దాయనా" అంది భానుశ్రీ. "వీఆర్వోగారు రాసుకుంటారు. అందరికీ వినపడాలి."

అబ్రహాము లుంగీ ఎగగట్టుకుని బురదలో నిలబడ్డాడు. గట్టు వైపు చూడలేదు.

"నిన్న పొద్దున ఈ కుర్రాళ్లిద్దరూ వచ్చారండి. బాబాయ్, నీ లాకుల కాడ డెక్కంతా మేం తీసేస్తాం, ట్రాక్టరు మాదే, కూలీ మాదే అన్నారు. ఎందుకయ్యా అంటే ఎరువుకంట. నేను ఉజ్జోగంలో చేరిన కాణ్ణుంచి ఈ డెక్క తీయించండి మహాప్రభో అని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను. ఒక్కడూ రాలేదు. ఊరికే తీస్తానన్నాడంటే ఆడు దేవుడన్నా అయ్యుండాలి, దొంగన్నా అయ్యుండాలి."

జనంలోంచి ఎవరో, "దేవుడే అనుకోవచ్చుగా మావా" అన్నారు.

"దేవుడికి ట్రాక్టరెందుకురా? రేపు రండి బాబూ అని పంపేసి మేడంగారికి ఫోన్ చేశాను. పొద్దున ఆళ్లొచ్చారు, ఈళ్లు పట్టుకున్నారు. నేను దీన్ని ముట్టుకోలేదు. హెడ్డుగారికి కబురు పెట్టింది ఆ తర్వాతే. ఆయన ముందొచ్చుంటే ఆయనే పెట్టాడంటారు."

బసవపున్నయ్య ఆ మాట విని అబ్రహాము వైపు చూశాడు. అబ్రహాము డెక్క వైపే చూస్తున్నాడు.

కొడవళ్లతో డెక్క కోశారు. ఒక కానిస్టేబుల్ ఫోన్లో వీడియో తీశాడు. మూటలు ఒకటొకటిగా బయటికొచ్చాయి. ప్లాస్టిక్ పట్టాల మీద నాచు పట్టింది. డెక్క వేళ్లు మూటల తాళ్లలోకి దూరి అల్లుకుపోయాయి. వాటిని లాగితే రావడం లేదు, కోసి తీయాల్సి వచ్చింది. నిన్నో మొన్నో పెట్టినవి కావని చిన్నపిల్లలకైనా తెలుస్తుంది. వీఆర్వో ఆ సంగతి కూడా రాసుకున్నాడు.

వరసగా పేర్చి లెక్కపెట్టారు. ఎనిమిది.

భానుశ్రీ మళ్లీ లెక్కపెట్టింది. "తొమ్మిదని రాసిచ్చారు మీరు."

"తొమ్మిదే" అన్నాడు బసవపున్నయ్య.

జీపులోంచి ఒక కుర్రాడు తల బయటపెట్టాడు. "ఆ ఒక్కటీ హెడ్డుగారి వాటా అయ్యుంటది మేడం."

ఎవరూ నవ్వలేదు. భానుశ్రీ గట్టు కింది దాకా వచ్చి నెమ్మదిగా చెప్పింది. "మీరు చెప్పింది నిజమేనని నాకు తెలిసింది సార్. కానీ పైవాళ్లు దొరికిన ఎనిమిదిని చూడరు. దొరకని ఒక్కదాన్నే అడుగుతారు."

ఆయనకూ తెలుసు. తనైనా అదే అడిగేవాడు.

అబ్రహాము కొడవలి నడుముకి దోపుకున్నాడు. "ఇక్కడికి రాకుండా ఏడకి పోద్ది?" అంటూ బురదలోకి ఇంకా ముందుకు నడిచాడు. ఎవరినీ పిలవలేదు. అతని వెనక ఇద్దరు దిగారు. తర్వాత పదిమంది. చేపల కోసం వచ్చినవాళ్లు తట్టలు గట్టున పెట్టి దిగారు. నడుంలోతు నల్లబురద. నెత్తిన ఎండ. డెక్క కిందికి చేతులు పెట్టి తడుముతూ, అడుగు తీసి అడుగేస్తూ పోయారు.

బసవపున్నయ్య గట్టు మీద నిలబడి చూశాడు. దిగడానికి వీల్లేదు. ఆ వంగిన వీపుల్లో కొన్నింటిని ఆయన గుర్తుపట్టాడు. ఒకడికి హెల్మెట్ లేదని చలానా రాశాడు, వాడు ఆసుపత్రికి పోతున్నానన్నా వినలేదు. ఇంకొకడిని పేకాట కేసులో లాక్కుపోయాడు. వాళ్లెవరికీ తను ఒక్క మంచిమాట చెప్పినవాడు కాదు. ఎవరి కాలికో గాజుపెంకు గుచ్చుకుంది. అతను ఒడ్డున కూర్చుని గుడ్డపీలిక కట్టుకుని మళ్లీ దిగాడు. బసవపున్నయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఎండ కళ్లలో పడిందనుకున్నారు జనం.

"నాన్నా, ఇటు" అని ఒక గొంతు వినిపించింది.

లాకు తలుపు పక్కన రాతిగోడలో ఒక గూడు ఉంది. నీళ్లున్నప్పుడు అది కనపడదు. అందులోకి ఒక మనిషి నడుము దాకా దూరి ఉన్నాడు. ముందు కాళ్లే కనపడ్డాయి. కాసేపటికి మనిషి వెనక్కి పాక్కుంటూ వచ్చాడు, చేతుల్లో మూట. నెత్తి నుంచి పాదాల దాకా బురద. పళ్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. యేసుబాబు.

గట్టు కిందికి మోసుకొచ్చి భానుశ్రీ ముందు దించాడు. తొమ్మిదో మూట. తల ఎత్తి బసవపున్నయ్యను చూశాడు.

"దీంతో నన్ను పట్టుకోవడం మీకలవాటే కదా సార్. మేడం, ఈసారి నన్ను సాక్షిగా రాయండి."

ఈసారి అందరూ నవ్వారు. భానుశ్రీ కూడా నవ్వింది. వీఆర్వో అతని పేరు, తండ్రి పేరు, ఏసీలు బాగుచేసే పని అని రాసుకుని సంతకం చేయించాడు. జీపులో కుర్రాడు తల లోపలికి లాక్కున్నాడు.

"రిపోర్టు ఈరోజే పంపుతాను సార్" అంది భానుశ్రీ. "డ్రైవరు బెయిలు రద్దు చేయమని కూడా అడుగుతాం. ఈ ఇద్దరినీ పంపిందెవరో చెప్పించాలి. అది మీరొచ్చాక చూద్దాం."

మీరొచ్చాక అంది. ఆ మాట ఆయన చెవిలో చాలాసేపు ఉంది.

జీపు వెళ్లిపోయింది. జనం తట్టలు తీసుకుని చేపలకి దిగారు. అప్పుడు బసవపున్నయ్య గట్టు దిగాడు. అబ్రహాము కాళ్లు కడుక్కుంటున్నాడు. ఆయన ఎదురుగా నిలబడి చేతులు నలుపుకున్నాడు.

"అబ్రహామూ. నువ్వు..."

"చెప్పకండి" అన్నాడు అబ్రహాము. "మీకోసం కాదండి. స్టేషన్ మెట్ల మీద మీరు కాళ్లు వెనక్కి తీసుకున్నారు చూడండి, అది నాకింకా పోలేదు. అమ్మగారి కోసం చేశాను."

"ఏ అమ్మగారు?"

అబ్రహాము లస్కరు క్వార్టరు వైపు తిరిగి కేకేశాడు. "అమలా, తీసుకురా."

అమలమ్మ వచ్చింది. చేతిలో స్టీలు కారియర్. మూడు గిన్నెలు. గిన్నె మీద చుక్కలు చుక్కలుగా పేరు. దూరం నుంచే ఆయన చదివాడు. చదవనక్కర్లేదు కూడా.

"మావోడు జైల్లో ఉన్నన్నాళ్లూ, ఆణ్ణి చూట్టానికెళ్లే రోజున అమ్మగారు బస్సెక్కి వచ్చేవారండి" అంది అమలమ్మ. "గేటు కాడ నా పక్కన కూర్చునేవారు. ఇందులో అన్నం తెచ్చేవారు. నేను తిన్నదాకా లేచేవారు కాదు. మొదట్లో నేను చాలా తిట్టాను. పడ్డారు. మా ఆయన చేసింది తప్పు కాదమ్మా, నీ కొడుకు నీకు మిగులుతాడు, కాకపోతే ఆయనకి మాట్లాడే తీరు తెలీదు, నన్ను తిట్టు, పర్లేదు అనేవారు. ఆవిడ చెప్పినట్టే అయ్యింది. ఆడితో తిరిగినోళ్లలో ఒకడు పోయాడు, ఒకడికి మతిలేదు. మావోడు ఏసీలు బాగుచేసుకుంటున్నాడు."

బసవపున్నయ్య గిన్నె మీది పేరునే చూస్తున్నాడు.

"ఆఖరిసారి ఈ కారియర్ నా కాడ ఉండిపోయింది. కడిగి ఇస్తానన్నాను. ఈలోపే ఆవిడ మంచాన పడ్డారు. ఆవిడ పోయిన రోజు వచ్చానండి మీ వీధి చివరిదాకా. ఖాళీ కారియర్ ఎట్టా ఇవ్వను? పైగా మీ మొహం చూసి భయమేసి తిరిగొచ్చేశాను." ఆమె కారియర్ అందించింది. "ఇయ్యాల ఖాళీ కాదు. కాలవ కొర్రమీను. పులుసు పెట్టాను."

ఆయన రెండు చేతులా అందుకున్నాడు. అది వెచ్చగా ఉంది. ఏదో అనాలి. ముప్పయ్యేళ్లు పక్కన నిలబడి విన్న మాట ఒక్కటే నోటికొచ్చింది.

"మీరు మాకు చేసిన మేలు మర్చిపోమండీ" అన్నాడు. "అబ్రహాముగారూ, అమ్మా, మర్చిపోం."

ఆ మాట ఆయన గొంతులో వింతగా వినపడింది. పక్కన రాజ్యలక్ష్మి నిలబడి వాచీ చూసుకుంటున్నట్టు అనిపించింది.

అబ్రహాము తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "మర్చిపోతే మీ ఇష్టం. ముందు పులుసు చల్లారకుండా తినండి."

లాకు మెట్ల మీద కూర్చుని ఒక గిన్నెలో అన్నం, ఒక గిన్నెలో పులుసు తిన్నాడు. మధ్యలో యేసుబాబు వచ్చి ఉల్లిపాయ ముక్క పెట్టి పోయాడు. మూడో గిన్నె విప్పలేదు. అందులోనూ పులుసే ఉందని అమలమ్మ చెప్పింది. తిన్న గిన్నెలు కడిగి, పులుసు గిన్నె పైన వచ్చేట్టు మూడూ పేర్చి బిగించాడు. బిగిస్తుండగా గట్టు మీద తను నిలబడి ఉన్న సమయం గుర్తొచ్చింది. ఆ ఒక్కటీ హెడ్డుగారి వాటా అన్న మాట గుర్తొచ్చింది. ఆ వెంటనే రెండు చీరలు, ఒక తువ్వాలు గుర్తొచ్చాయి.

బండి ఇంట్లో పెట్టి, కారియర్ గుడ్డసంచిలో పెట్టుకుని బస్టాండుకి వెళ్లాడు. కూచిపూడిలో దిగేసరికి పొద్దు వాలుతోంది. రావమ్మ గుమ్మంలో కూర్చుని గోంగూర వలుస్తోంది. అన్నను చూసి లేవలేదు. గుమ్మంలోంచి జరగలేదు. ఆయన చేతిలో సంచి వంక చూసింది.

"ముందు ఆ సంచి విప్పి చూపించు" అంది.

ఆయన అరుగు మీద కూర్చుని సంచి మూతి విప్పాడు. కారియర్ బయటికి తీసి ఆమె ముందు పెట్టాడు. చెప్పాల్సింది చెప్పడానికి నోరు తెరిచాడు. లాకుల దగ్గర వచ్చినంత తేలిగ్గా ఇక్కడ రాలేదు.

"నువ్వు తియ్యలేదు" అన్నాడు చివరికి. "నేనే. తప్పు నాది."

రావమ్మ గోంగూర చేతులు చీరకి తుడుచుకుంది. పై గిన్నె మీద వదిన పేరు మీద వేలు పెట్టి, చుక్క చుక్కా తడిమింది. మూత తీసి వాసన చూసింది.

"కొర్రమీను" అంది. తర్వాత పక్కకి జరిగింది. "కాళ్లు కడుక్కో. అన్నం వండుతాను."